సముద్రపు విసనకర్ర - గాజుతొట్టి

జువాలజీ చదివిన ప్రతివారికీ ప్రాక్టికల్ పరీక్షలో ఒక స్పాటర్ ఏదో ఒకనాడు ఎదురవుతుంది. చెక్కపలక మీద నిలబెట్టిన, విసనకర్రలా పరుచుకున్న ఒక ఎండిన వల. దాని ముందు రెండు నిమిషాలు నిలబడి "ఫైలం నిడేరియా, తరగతి ఆంథోజోవా, గోర్గోనియా, సముద్రపు విసనకర్ర" అని రాసేసి, గంట కొట్టగానే పక్క స్పాటర్ దగ్గరికి జరుగుతాం. మార్కులు వస్తాయి. ఆ జంతువుతో మన పరిచయం అంతటితో సరి.

నాకు మాత్రం దానితో ఇంకొంచెం ఎక్కువ పరిచయం ఉంది. 1983లో ఎం.ఎస్‌సి. మొదటి సంవత్సరంలో ఉండగా, బతికున్న సముద్రపు విసనకర్రనొకదాన్ని మన లాబులో గాజుతొట్టిలో పెంచాలని చూశాం. అది ఎందుకు బతకలేదో అప్పుడు సగమే అర్థమయింది. మిగతా సగం తరవాత ఇన్నేళ్ళలో చదివి తెలుసుకున్నాను. ఆ రెండూ కలిపి ఈ సంచికకు రాయమన్నారు విద్యార్థి మిత్రులు. పాఠం చెప్పే అలవాటు పోలేదు కనుక అక్కడక్కడ పాఠంలాగే ఉంటుంది. మన్నించాలి.

వలతో వచ్చిన చుట్టం

జనవరి నెల. తెల్లవారుజామున తెప్పలు ఒడ్డుకు వచ్చే వేళ, ప్లవకాల నమూనాల కోసం నేనూ నా మిత్రుడూ సీసాలు పట్టుకుని నిలబడ్డాం. ఒక ముసలాయన వల దులుపుతున్నాడు. చేపలొక పక్క, పీతలొక పక్క వేస్తూ, జానెడు వెడల్పున్న నారింజరంగు కొమ్మనొకదాన్ని తీసి ఇసకలోకి విసిరేశాడు. మేం పరుగెత్తుకెళ్ళి దాన్ని తీసుకున్నాం.

"అది మీకెందుకు బాబూ? వలకి పట్టిన పీడ. రాళ్ళమీద వల పడితే ఇవే వస్తాయి, వల సిరిగిపోద్ది" అన్నాడు.

"ఇది చెట్టా, తాతా?" అని అడిగాం, ఆయనేమంటాడో చూద్దామని.

"సెట్టులాగుంటాది గానీ సెట్టు కాదు బాబూ. పేణం ఉన్నాది. ముట్టుకో, జిగురు" అన్నాడు.

మా రికార్డు పుస్తకంలో ఒక పేజీ పట్టిన సంగతిని ఆయన రెండు ముక్కల్లో చెప్పేశాడు.

బకెట్టులో సముద్రపు నీళ్ళు నింపి, రిక్షాలో లాబుకు చేర్చాం. రెండడుగుల పొడుగు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తున్న తొట్టి. అడుగున ఇసక, మూలన ఒక ఎయిర్ పంపు. కొమ్మ మొదలును నైలాను దారంతో ఒక గుండ్రాయికి కట్టి నిలబెట్టాం. రాత్రి తొమ్మిదింటికి లైట్లు ఆర్పి, టార్చికి ఎర్రకాగితం చుట్టి చూద్దుము గదా, పగలంతా బోడిగా ఉన్న కొమ్మ నిండా పూలు! ఆవగింజంతేసి తెల్లని పూలు, ఒక్కొక్క దానికి ఎనిమిదేసి రేకలు. మా మాష్టారు కూడా వచ్చి చాలాసేపు మాట్లాడకుండా చూశారు. ఆ రాత్రి మేం గెలిచామనుకున్నాం.

చెట్టు కాదు, ఊరు

ఆ పూలే పాలిప్‌లు. ఒక విసనకర్ర అంటే ఒక జంతువు కాదు, వేల పాలిప్‌లు కలిసి కట్టుకున్న ఊరు. ప్రతి పాలిప్‌కూ నోటిచుట్టూ 8 స్పర్శకాలుంటాయి. ఒక్కొక్క స్పర్శకానికి ఈకకున్నట్టు రెండువైపులా సన్నని పోగులుంటాయి. ఎనిమిది గనుకనే ఈ వర్గానికి ఆక్టోకొరాలియా అని పేరు. పాలిప్‌లన్నీ లోపల సన్నని గొట్టాలతో కలిసి ఉంటాయి కాబట్టి ఒకటి తిన్నది పొరుగుదానికీ అందుతుంది. ఊళ్ళో ఒక ఇంట్లో వండితే నాలుగిళ్ళకూ పంచినట్టు.

చాలా జాతుల్లో కొమ్మ నడుమ ఒక నల్లని కడ్డీ ఉంటుంది. అది గోర్గోనిన్ అనే ప్రోటీను. మన గోరు, పశువు కొమ్ము వంటి పదార్థం. కెరటం వస్తే వంగుతుంది గానీ విరగదు. దానిమీద మెత్తని తోలు, ఆ తోలులో కంటికి కనబడనంత చిన్న సున్నపు కంటకాలు ఉంటాయి. ఎరుపో, పసుపో, ఊదారంగో, విసనకర్ర రంగు చాలా జాతుల్లో ఈ కంటకాలదే. ఈ ముక్క గుర్తుంచుకోండి. రంగు సున్నంలో ఉంది కాబట్టి ప్రాణం పోయినా రంగు పోదు. నిలబెట్టేది కడ్డీ కాబట్టి ప్రాణం పోయినా పడిపోదు. తొట్టిలో విసనకర్రను పెంచేవాళ్ళు మోసపోయేది సరిగ్గా ఇక్కడే.

పేరు గురించి ఒక మాట. గోర్గోనియా అన్న ప్రజాతి పశ్చిమ అట్లాంటిక్, కరిబియన్ జలాలకు చెందినది. గోర్గోనియా వెంటాలినా, గోర్గోనియా ఫ్లాబెల్లమ్ అన్న జాతులకు లినేయస్ 1758లోనే పేర్లు పెట్టాడు. మన తీరాల్లో దొరికేవి సుబర్‌గోర్గియా, ఎకినోగోర్గియా, మెనెల్లా వంటి వేరే ప్రజాతులు. లాబులో ఏ విసనకర్ర కనబడినా "గోర్గోనియా" అని చీటీ అంటించడం మన అలవాటు. పాత పుస్తకాల్లోని గోర్గోనేసియా అన్న క్రమం కూడా ఇప్పుడు లేదు. మెక్‌ఫాడెన్, ఆమె సహచరులు 2022లో జన్యువుల ఆధారంగా ఆక్టోకొరాలియాను మలకాల్సియొనేసియా, స్క్లెరాల్సియొనేసియా అని రెండే క్రమాలుగా సర్దారు. పరీక్షకు వెళ్ళేవాళ్ళు గమనించగలరు.

ప్రవాహానికి అడ్డంగా

విసనకర్ర ఒకే తలంలో, బల్లపరుపుగా ఎందుకు పెరుగుతుంది? చేపలా అది తిండి వెతుక్కుంటూ పోలేదు. తిండే దాని దగ్గరికి రావాలి. తెచ్చేది ప్రవాహం. మన జాలరి చేపల దారికి అడ్డంగా వల కట్టినట్టే, విసనకర్ర తన్ను తాను నీటిదారికి అడ్డంగా కట్టుకుంటుంది.

1969లో వెయిన్‌రైట్, డిలన్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు గోర్గోనియా విసనకర్రలు ఏ దిక్కుకు తిరిగి ఉన్నాయో కొలిచి చూశారు. చిన్నవి ఎటు పడితే అటు తిరిగి ఉన్నాయి. పెద్దవి మాత్రం నీటి ఊపుకు అడ్డంగా ఉన్నాయి. ఎవరూ తిప్పలేదు. ఎదిగేకొద్దీ నీరే దాన్ని మెలితిప్పి తనకు ఎదురుగా నిలబెడుతుంది.

వేగం కూడా ముఖ్యమే. నీరు మరీ నెమ్మదిగా పోతే తిండి చాలదు. మరీ జోరుగా పోతే స్పర్శకాలు వెనక్కి మడుచుకుపోయి తిండి చేతికి అందదు. తైవాన్‌లో డై, లిన్ అనేవారు మూడు జాతుల్ని ప్రవాహపు తొట్టిలో పరీక్షించి 1993లో ఫలితాలు ప్రచురించారు. ఒక్కొక్క జాతికి ఒక్కొక్క వేగపు పరిధి ఉందనీ, నడిమి వేగంలోనే బాగా తింటాయనీ తేల్చారు.

ఇప్పుడొక చిన్న లెక్క వేద్దాం. మా విసనకర్ర 20 సెంటీమీటర్ల పొడుగు, 20 సెంటీమీటర్ల వెడల్పు అనుకోండి. నీరు సెకనుకు 10 సెంటీమీటర్ల చొప్పున దాని మీదుగా పోతోందనుకోండి. అంటే సెకనుకు 4 లీటర్లు. రోజుకు 3 లక్షల 45 వేల లీటర్లు. మా తొట్టిలో పట్టినవి 50 లీటర్లు. సముద్రంలో పన్నెండు సెకన్లలో దాటిపోయేపాటి నీళ్ళను మేము దానికి మూడు వారాలు అంటగట్టాం! మధ్యలో రెండుసార్లు క్యానులతో కొత్త నీళ్ళు తెచ్చి పోశామని గొప్పగా చెప్పుకున్నాం కూడా.

వెలుతురుతో బతికేవి, తిండితో బతికేవి

విసనకర్రలనూ వాటి దాయాదులనూ పెంపకం దృష్టితో రెండు రకాలుగా చూడాలి. కరిబియన్ లోతులేని నీళ్ళలో ఉండే చాలా జాతుల కణాల్లో ఏకకణ శైవలాలు సహజీవనం చేస్తుంటాయి. అవి వెలుతురు తీసుకుని ఆహారం తయారుచేసి ఇంటివాడికి వాటా ఇస్తాయి. ప్లెక్సారా, యునీసియా, మ్యూరీసియా వంటివి ఇలాంటివి. మంచి వెలుతురు, మంచి ప్రవాహం, లవణీయత 35 దగ్గర నిలకడగా ఉంచగలిగితే పై దేశాల పెంపకందార్లు వీటిని ఏళ్ళ తరబడి బతికిస్తున్నారు. వీటికొక అలవాటుంది. అప్పుడప్పుడూ పాలిప్‌లు ముడుచుకుని, కొమ్మలమీద మైనంలాంటి పొర కట్టి, కొన్నాళ్ళకు దాన్ని వదిలేస్తాయి. ఒంటిమీద పేరుకున్న నాచునూ మురికినీ అలా వదిలించుకుంటాయన్నమాట. కొత్తవాళ్ళు చచ్చిపోయిందనుకుని పారేస్తుంటారు.

రెండో రకానికి ఈ శైవలాలు లేవు. హిందూ, పసిఫిక్ సముద్రాల్లో కళ్ళు చెదిరే ఎరుపు, నారింజ, పసుపు విసనకర్రల్లో ఎక్కువ భాగం ఇవే. వెలుతురు వీటికి తిండి పెట్టదు సరికదా, తొట్టిలో దీపం ఎక్కువైతే కొమ్మలమీద నాచు పట్టి ఊపిరాడకుండా చేస్తుంది. ఇవి కేవలం నీటిలో కొట్టుకొచ్చే జంతు ప్లవకాలు, వృక్ష ప్లవకాలు, సేంద్రియ రేణువుల మీద ఆధారపడి ఉంటాయి. నోరు చిన్నది, దంశకణాలు బలహీనం. పెద్ద ముక్క పెడితే పట్టుకోలేవు. చిన్న చిన్న మెతుకులు, పూటపూటా కాదు, దాదాపు ఎడతెరిపి లేకుండా అందాలి. దుకాణంలో అన్నిటికంటే అందంగా కనిపించేవే ఇంట్లో అన్నిటికంటే కష్టమైనవి. మా నారింజరంగుదీ ఈ రకమే. మాకు తెలీదు.

పెట్టకపోతే పస్తు, పెడితే విషం

అసలు చిక్కు ఇక్కడుంది. ఎడతెరిపి లేకుండా తిండి వేస్తే, తినగా మిగిలింది కుళ్ళుతుంది. కుళ్ళితే అమ్మోనియా పుడుతుంది. బాక్టీరియా దాన్ని నైట్రైటుగా, తరవాత నైట్రేటుగా మారుస్తాయి. ఫాస్ఫేటు పేరుకుంటుంది. నాచు పెరుగుతుంది. ప్రాణవాయువు తగ్గుతుంది. పోనీ నీళ్ళు శుభ్రంగా ఉంచుదామని నురుగుతో మలినాలు లాగేసే యంత్రం పెడితే, అది మలినంతోపాటు తిండిని కూడా లాగేస్తుంది. నీరు తేరిన తొట్టిలో విసనకర్ర పస్తుంటుంది. తిండి నిండిన తొట్టిలో ఊపిరాడక చస్తుంది. సముద్రంలో ఈ తగువు లేదు. తిండి తెచ్చే నీరే మిగిలినదాన్ని తీసుకుపోతుంది.

మేమేం చేశాం? ఉడికించిన గుడ్డు పచ్చసొన, ఎండు రొయ్యల పొడి గుడ్డలో కట్టి పిండాం. మొదటి నాలుగు రాత్రులు పూలు విచ్చుకున్నాయి. అయిదో రాత్రి సగమే. వారం తిరిగేసరికి నీళ్ళు బియ్యం కడిగిన కుడితిలా తయారైనాయి. నీళ్ళు మార్చాం. పూలు రాలేదు. అయినా కొమ్మ నారింజరంగులో నిటారుగా నిలబడే ఉంది కనుక "విశ్రాంతి తీసుకుంటోంది" అనుకున్నాం. పద్నాలుగో రోజున కొమ్మల చివళ్ళనుంచి తోలు జీరలు జీరలుగా ఊడి, లోపలి నల్లకడ్డీ బయటపడింది. ఇరవయ్యో రోజున అటెండరు ముక్కు మూసుకుని వచ్చి, "సార్, మీ చెట్టు కంపు కొడుతోందండీ" అన్నాడు.

మాష్టారు తిట్టలేదు. తొట్టి చుట్టూ ఒకసారి తిరిగి, "నీళ్ళు తెచ్చారు గానీ, ప్రవాహం తేలేదు కదయ్యా. అది బతికేది నీళ్ళలో కాదు, నీళ్ళు కదలడంలో" అన్నారు. తరవాత దాన్ని ఎండబెట్టించి, చెక్కపలకకు ఎక్కించి, చీటీ నా చేత రాయించారు. "ఎన్నాళ్ళు బతికిందో కూడా రాయవోయ్" అన్నారు. ఎన్నాళ్ళో చెప్పలేకపోయాను. కొమ్మ నిలబడ్డది ఇరవై రోజులు. బతికింది ఎన్ని రోజులో మాకు తెలియలేదు.

సాధించినవారు ఎలా సాధించారు?

అసాధ్యమని చెప్పడం నా ఉద్దేశం కాదు. పెద్ద ఆక్వేరియంలలో ఈ రకాన్ని కూడా పెంచుతున్నారు. వాళ్ళ పద్ధతి మూడు మాటల్లో చెప్పవచ్చు. చల్లని పెట్టెలో ఉంచిన సూక్ష్మజీవుల ఆహారాన్ని చిన్న పంపుతో రాత్రింబవళ్ళు బొట్టుబొట్టుగా వదులుతారు. విసనకర్రకు అడ్డంగా ఒకే జోరున నీరు తోలుతారు. మిగిలిన వ్యర్థాన్ని తీయడానికి, చూపరులకు కనబడే తొట్టికి వెనకాల పెద్ద శుద్ధి ఏర్పాటు పెట్టుకుని, నీళ్ళు ధారాళంగా మారుస్తారు. అంటే ప్రదర్శన తొట్టి చిన్నది, దాని వెనక కర్మాగారం పెద్దది. ఇదంతా ఎడతెగని కరెంటుమీద, జీతమిచ్చి పెట్టుకున్న మనుషులమీద నడుస్తుంది. మన డ్రాయింగు రూములో నడవదు.

ఇలా పెంచడంవల్ల శాస్త్రానికి లాభం కలిగిన సందర్భాలున్నాయి. 1969లో న్యూ కాలెడోనియాలో జార్జ్ బార్గిబాన్ అనే ఆయన నౌమియా ఆక్వేరియం కోసం మ్యూరిసెల్లా అన్న విసనకర్రను సేకరించాడు. పరిశీలించబోతే దాని కొమ్మల్లో, అచ్చం కొమ్మ బుడిపెల్లాగే ఉన్న రెండు బుల్లి సముద్రగుర్రాలు కనిపించాయి. రెండున్నర సెంటీమీటర్లు కూడా లేవు. మరుసటి ఏడు వాటికి ఆయన పేరుమీదనే హిప్పోకాంపస్ బార్గిబాంటి అని పేరుపెట్టారు. ఈ గుర్రాలు విసనకర్రను వదిలి బతకవు. అందుచేత వాటిని పెంచాలంటే ముందు విసనకర్రను బతికించాలి. శాన్‌ఫ్రాన్సిస్కోలోని స్టెయిన్‌హార్ట్ ఆక్వేరియంవారు ఆ రెండూ సాధించారు. అక్కడ పుట్టిన పిల్లలు ఏ రంగు విసనకర్రమీద స్థిరపడితే ఆ రంగుకు మారడం చూశారు. ఈ సంగతి 2014లో లోకానికి తెలిసింది.

ఇంద్రజాలమూ, చట్టమూ

మన దేశంలో ఈ ప్రశ్నకు ఇంకో ముఖం ఉంది. మన్నారు సింధుశాఖలో ఒకప్పుడు విసనకర్రలను సేకరించి, ఎండబెట్టి ఎగుమతి చేసేవారు. అలంకారానికి కొంత, మందుల పరిశోధనకు కొంత. ప్లెక్సారా హోమోమల్లా అన్న కరిబియన్ జాతిలో ప్రోస్టాగ్లాండిన్లు పుష్కలంగా ఉన్నాయని 1969లో వైన్‌హైమర్, స్ప్రాగిన్స్ కనుగొన్న దరిమిలా ఈ జంతువులమీద రసాయన శాస్త్రజ్ఞుల దృష్టి పడింది. 2001లో భారత ప్రభుత్వం విసనకర్రలన్నిటినీ 1972నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో చేర్చింది. సేకరించడం, అమ్మడం, కొనడం నేరం. 1983లో మేము చేసిన పని ఈనాడు మీరు చేయకూడదు.

అయినా అమ్మకం ఆగలేదు. పటం కట్టిన నల్లని వల ఒకటి "ఇంద్రజాల్ వేరు" అన్న పేరుతో, ఇంట్లో పెట్టుకుంటే దిష్టి తగలదనీ లక్ష్మి నిలుస్తుందనీ చెప్పి అమ్ముతున్నారు. అది వేరూ కాదు, మూలికా కాదు. విసనకర్రో, నల్లప్రవాళమో అయిన ఒక జంతువు అస్థిపంజరం. రెండూ చట్టం రక్షణలో ఉన్నవే. జువాలజీ చదివినవారి ఇళ్ళలో కూడా ఆ పటాలు చూశాను కాబట్టి ఇంత నొక్కి చెబుతున్నాను.

మన ఇళ్ళలో మంగళసూత్రంలో గుచ్చుకునే పగడం కూడా ఈ ఆక్టోకొరాలియా కుటుంబీకురాలే. మధ్యధరా సముద్రపు ఎర్రపగడపు కొమ్మ ఏడాదికి మిల్లీమీటరులో మూడో వంతు, నాలుగో వంతు మాత్రమే లావెక్కుతుంది. అక్కడి విసనకర్ర పారామ్యూరీసియా ఏడాదికి ఒక సెంటీమీటరు అటూఇటూగా పెరుగుతుంది. అంటే మనిషి నడుమెత్తు విసనకర్రకు మనిషి వయసే ఉండవచ్చు. అలాంటివి 1999లోనూ 2003లోనూ వచ్చిన సముద్రపు వేడికి అక్కడ గుంపులు గుంపులుగా చచ్చిపోయాయి. సముద్రంలోనే వాటికి భద్రత లేని రోజుల్లో, మూడు వారాల ముచ్చటకు ఒకదాన్ని పెకలించడం ఎంత ఖరీదైన పనో ఆలోచించండి.

చివరిగా

ఈమధ్య చదివిన ఒక సంగతితో ముగిస్తాను. స్పెయిన్ దేశపు కాప్ ద క్రెయూస్ తీరంలో జాలర్ల వలల్లో యూనిసెల్లా అన్న విసనకర్రలు చిక్కుతుంటాయి. బార్సిలోనా సముద్రశాస్త్ర సంస్థవారు జాలర్లతో మాట్లాడుకుని, వాటిని పారేయకుండా తెప్పించుకుని, ఆక్వేరియంలో కొన్నాళ్ళు కోలుకోనిచ్చారు. తరవాత ఒక్కొక్కదాన్ని ఒక్కొక్క గులకరాయికి అంటించి, పడవమీదనుంచి మళ్ళీ సముద్రంలోకి వదిలారు. రాయి బరువుకు మొదలు కిందికీ కొమ్మలు పైకీ ఉండేట్టు అవి అడుగుకు చేరి నిలబడ్డాయి. బాడ్మింటన్ బంతి పడ్డట్టు పడతాయి కనుక దానికి బాడ్మింటన్ పద్ధతి అని పేరు. విసనకర్రకు గాజుతొట్టి ఎంతవరకు అవసరమో వాళ్ళు చక్కగా అర్థం చేసుకున్నారు. ఆసుపత్రిలో ఉన్నన్నాళ్ళే ఉంచి, ఇంటికి పంపించారు.

అది చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మేము కూడా దాన్ని ఒక గుండ్రాయికే కట్టాం. ఆ రాయితో సహా మర్నాడు ఆ ముసలాయన తెప్పలో పెట్టి, "తాతా, ఇది ఎక్కడ పడిందో అక్కడే దించేయ్" అంటే ఆయన కాదనేవాడు కాదు. ఆ ఆలోచన మాకే రాలేదు.

ఆ విసనకర్ర మన మ్యూజియం అల్మరాలో ఇప్పటికీ ఉంది. కిందటిసారి పూర్వవిద్యార్థుల సమావేశానికి వచ్చినప్పుడు చూశాను. కడ్డీ నిటారుగా ఉంది. చీటీమీద నా చేతిరాత వెలిసిపోయింది. ఈ ఏడు పరీక్షలో అది మీ ముందుకు వస్తే ఫైలం, తరగతి రాయండి, మార్కులు తెచ్చుకోండి. గంట కొట్టేలోపల ఒక క్షణం మిగిలితే, ఎనిమిదేసి రేకల తెల్లపూలు ఆ కొమ్మ నిండా విచ్చుకున్నట్టు ఊహించుకోండి. మేము దాన్ని అలా చూసినది నాలుగు రాత్రులే.